మూడు సర్వర్లు పెట్టినా కాటా ఎందుకు ఆగుతుంది?

క్లుప్తంగా

మెసేజ్ బ్రోకర్ (లారీ కాటా లాంటి చోటు నుంచి వచ్చే సందేశాలను దాచి, తీసుకోవాల్సిన ప్రోగ్రాంలకు అందించే సాఫ్ట్‌వేర్) ఆగకుండా నడవాలంటే మూడు సర్వర్లు కొంటే సరిపోదు. ఆ మూడూ ఒకేసారి పడిపోయే కారణాలేమిటో చూసి, వాటిని విడదీయాలి. గజపతి, రాయగడ, కోరాపుట్ లాంటి ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఆ కారణాలు ముఖ్యంగా రెండు: కరెంటు, ఫైబర్ లైను. సర్వర్ చెడిపోతే క్లస్టర్, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, ఆదుకుంటుంది. ఊరికి వచ్చే లైనే తెగితే క్లస్టర్ చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ పనికొచ్చేది సందేశాన్ని ఊళ్లోనే దాచి, లైను వచ్చాక పంపే ఏర్పాటు.

పాత సూచనలు, కొత్త వెర్షన్లు

ఈ విషయంలో ఇప్పుడున్న గందరగోళానికి సగం కారణం వెర్షన్ల మార్పు. రాబిట్‌ఎమ్‌క్యూ అనే బ్రోకర్‌లో ఏళ్ల తరబడి అందరూ వాడిన 'మిర్రర్డ్ క్యూ' (సందేశాల వరసకు పలు సర్వర్లలో కాపీలు ఉంచే) పద్ధతిని 2024 సెప్టెంబరులో వచ్చిన 4.0 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. మరో బ్రోకర్ కాఫ్కా 2025 మార్చిలో తెచ్చిన 4.0లో, దాని క్లస్టర్‌ను సమన్వయం చేస్తూ వచ్చిన జూకీపర్ అనే విడి సాఫ్ట్‌వేర్ లేదు. ఆ పని ఇప్పుడు కాఫ్కా సొంత వ్యవస్థ క్రాఫ్ట్ చూసుకుంటుంది. కానీ నెట్‌లో దొరికే సెటప్ సూచనల్లో చాలా భాగం పాతవే. వాటిని చూసి మిర్రరింగ్ పాలసీ రాసుకుని, కాపీలు మూడు చోట్ల ఉన్నాయనుకునేవారికి 4.0 తర్వాత ఒక్క కాపీయే ఉంటుంది. క్లాసిక్ క్యూ (కాపీలు లేని మామూలు క్యూ) అలాగే పనిచేస్తూ ఉంటుంది కాబట్టి ఆ సంగతి డిస్కు పోయిన రోజున గానీ బయటపడదు.

మిర్రర్డ్ క్యూ స్థానంలో వచ్చినవి కోరం క్యూలు. ఇవి 2019లో 3.8 వెర్షన్‌తో మొదలయ్యాయి. డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన రాఫ్ట్ అనే ఒప్పంద పద్ధతి వీటికి ఆధారం. కాఫ్కా క్రాఫ్ట్ కూడా అదే కుటుంబానికి చెందినది. అంటే పేర్లు వేరైనా రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే లెక్క మీదికి వచ్చాయి: సగం కంటే ఎక్కువ మంది ఒప్పుకుంటేనే మాట నిలిచినట్టు. రాబిట్‌ఎమ్‌క్యూ కోరం క్యూల్లో ఆ లెక్క సందేశాలకే వర్తిస్తుంది, కాఫ్కాలో క్లస్టర్ నిర్వహణ వివరాలకు. ఆ లెక్క అర్థమైతే ప్రణాళికలో ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

కాటా గదిలో ఏం జరుగుతుంది

ఉదాహరణకు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలో మూడు పత్తి కొనుగోలు కేంద్రాలున్న ఒక వ్యాపార సంస్థను ఊహించుకుందాం. లెక్కల ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. లారీ కాటా ఎక్కుతుంది. నిండు లారీ తూకం నమోదవుతుంది. సరుకు దింపాక ఖాళీ లారీ మళ్లీ ఎక్కుతుంది. రెండింటి తేడాయే నికర బరువు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గరగరలాడుతూ మూడు కాపీల చీటీ ఇస్తుంది. తెల్లది డ్రైవరుకు, గులాబీది గోడౌనుకు, పసుపుది ఫైలుకు. అదే క్షణంలో చీటీ వివరాలతో ఒక సందేశం విశాఖకు బయల్దేరాలి. అక్కడ రైతు ఖాతాలో డబ్బు వేసే విభాగం, స్టాకు విభాగం, లారీ బాడుగ విభాగం, మూడూ దాని కోసం చూస్తుంటాయి.

కాటా కంప్యూటర్ నేరుగా ఆ మూడు విభాగాలతో మాట్లాడితే, వాటిలో ఏ ఒక్కటి ఆగినా కాటా ఆగుతుంది. మధ్యలో ఒక బ్రోకర్ ఉంటే కాటా దానికి అప్పజెప్పి తన పని తాను చూసుకుంటుంది. తీసుకోవాల్సినవాళ్లు వీలున్నప్పుడు తీసుకుంటారు. తపాలా పెట్టె చేసే పనే ఇది. అయితే అన్ని దారులూ ఆ పెట్టె దగ్గరే కలుస్తాయి గనుక అది పోతే అన్నీ పోతాయి. అందుకే దానికి క్లస్టర్.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోకుండా చాలామంది ముందుకు పోతారు. కేంద్రానికి రోజుకు 400 లారీలు అనుకున్నా మూడు కేంద్రాలకు 1,200 సందేశాలు. పన్నెండు గంటల పనిలో గంటకు 100. నిమిషానికి రెండు కూడా లేవు. రైతు పేరు తెలుగులోనో ఒడియాలోనో రాసినా (ఈ రెండు లిపుల్లోనూ ఒక్కో యూనికోడ్ అక్షరానికి 3 బైట్లు పడుతుంది) చీటీ మొత్తం 2 కిలోబైట్లు దాటదు. అంటే రోజుకు సుమారు 2.4 మెగాబైట్లు. సెకనుకు లక్షల సందేశాలు మోయగల యంత్రాంగం గురించి ఇక్కడ చర్చించడం వృథా. ఇక్కడ కావాల్సింది వేగం కాదు, ఒక్క చీటీ కూడా పోకపోవడం.

మూడింట రెండు

రాఫ్ట్ పద్ధతిలో ఒక నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వరు) లీడరు, మిగిలినవి అనుచరులు. సందేశం ముందు లీడరుకు వస్తుంది. అది అనుచరులకు పంపుతుంది. తనతో కలిపి సగానికి మించిన నోడ్లు డిస్కు మీద రాసుకున్నాకే పంపినవారికి 'అందింది' అని జవాబిస్తుంది. మూడు నోడ్లుంటే రెండు, ఐదుంటే మూడు రాసుకోవాలి. లీడరు పడిపోతే మిగిలినవి కొత్త లీడరును ఎన్నుకుంటాయి. అందరికన్నా వెనకబడిన చిట్టా ఉన్న నోడుకు ఓట్లు రావు కాబట్టి ఒప్పుకున్న సందేశం గల్లంతవదు.

రెండు నోడ్లు పెడితే? సగానికి మించి అంటే రెండూ ఉండాలి. ఏ ఒక్కటి పోయినా పని ఆగుతుంది. 'ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది' అని రెండు సర్వర్లు కొనేవారు అడక్కుండానే నష్టాన్ని రెట్టింపు చేసుకుంటున్నారు. ఒక్కో సర్వరు ఏడాదిలో 99 శాతం సమయం నడుస్తుందని, ఒకటి చెడిపోవడానికీ ఇంకొకటి చెడిపోవడానికీ సంబంధం లేదని అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. ఒకే సర్వరైతే ఏడాదికి 87.6 గంటల ఆగుడు. రెండూ తప్పనిసరైన జంటకు సుమారు 174 గంటలు. మూడింట రెండు చాలనే క్లస్టర్‌కు సుమారు 2.6 గంటలు. నాలుగో నోడ్ కలిపినా లాభం లేదు. అప్పుడు మూడు ఉండాలి, తట్టుకోగలిగేది మళ్లీ ఒక్క నష్టాన్నే. బేసి సంఖ్యలే వాడమనడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద

ఆ 2.6 గంటల లెక్కలో 'సంబంధం లేదని అనుకుంటే' అన్న మాట ఒకటుంది. బరువంతా దాని మీదే. మూడు సర్వర్లూ రాయగడలో ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నాయనుకుందాం. ఆ కరెంటు కూడా 99 శాతమే నమ్మకమైతే మొత్తం ఆగుడు ఏడాదికి 90 గంటలకు చేరుతుంది. మూడు సర్వర్ల ఖర్చు పెట్టి, ఒక్క సర్వరు లెక్క కన్నా వెనక్కి పోయినట్టు. యూపీఎస్ బ్యాటరీలు బలహీనపడితే ఇది ఇంకా దిగజారుతుంది. జనరేటర్ ఉన్నా, కరెంటు పోయిన క్షణానికీ అది అందుకునే క్షణానికీ మధ్య నడిపించాల్సింది ఆ బ్యాటరీలే.

అందువల్ల ప్రణాళిక మొదలుపెట్టాల్సింది నోడ్ల జాబితాతో కాదు, ఉమ్మడి కారణాల జాబితాతో. కరెంటు ఎవరిది? లైను ఎవరిది? స్విచ్ ఒకటేనా? మూడు వర్చువల్ మెషీన్లూ ఒకే పెద్ద సర్వరులో ఉన్నాయా? ఈ చివరిది వినడానికి విడ్డూరంగా ఉన్నా తరచూ జరిగేదే. బయటికి మూడు పేర్లు, మూడు ఐపీలు కనిపిస్తాయి. లోపల ఉన్నది ఒక్క మదర్‌బోర్డు.

లైను సంగతీ ఇంతే. ఇద్దరు ఆపరేటర్ల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకున్నా ఘాట్ రోడ్డు పక్కన ఇద్దరి కేబుళ్లూ ఒకే వరస స్తంభాల మీదో, ఒకే గాడిలోనో పోతుంటే జేసీబీ పన్ను రెండింటినీ ఒకే దెబ్బకు తెంపుతుంది. బిల్లులు రెండు వచ్చినంత మాత్రాన దారులు రెండు అనుకోవడానికి లేదు. కేబుల్ ఏ దారిన వస్తుందో ఆపరేటరు లైన్‌మ్యాన్‌ను అడిగి కాగితం మీద గీసుకోవడం కన్నా మంచి పద్ధతి లేదు.

సరిహద్దు ఇచ్చే వెసులుబాటు

ఇలాంటి సరిహద్దు జిల్లాలకు ఉన్న ఒక సౌకర్యం ఇక్కడ పనికొస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పర్లాకిమిడి అటు వెళ్లింది. పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో ఉన్నది మహేంద్రతనయ నది. పొద్దున అటు వెళ్లి సాయంత్రం ఇటు తిరిగొచ్చేవాళ్లకు రెండూ ఒకే ఊరి కింద లెక్క. కానీ పర్లాకిమిడికి కరెంటిచ్చేది 2021 నుంచి టాటా పవర్ దక్షిణ ఒడిశా పంపిణీ సంస్థ. పాతపట్నానికి ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. టెలికాం సర్కిళ్లు కూడా వేరు. కొద్ది కిలోమీటర్ల దూరంలో రెండు వేర్వేరు కరెంట్లు దొరకడం క్లస్టర్ కట్టేవారికి మామూలుగా దక్కని అదృష్టం.

అయితే అది రెండు చోట్ల మాట మాత్రమే. మూడు నోడ్లను రెండు ఊళ్లలో సర్దితే ఒకచోట రెండు పడతాయి. ఆ ఊరు చీకటైతే మిగిలిన ఒక్క నోడ్ బతికున్నా మెజారిటీ లేదు కాబట్టి మౌనంగా ఉంటుంది. మూడో నోడ్‌కు మూడో చోటు కావాల్సిందే.

పైగా నదికి అటూ ఇటూ కరెంటు సంస్థలు వేరైనా గాలివాన ఒక్కటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చి, గజపతి జిల్లాలోకి వెళ్లింది. అక్కడ కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. ఆ రోజు పర్లాకిమిడి, పాతపట్నం రెండూ ఒకే దెబ్బ కింద ఉన్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాయి. మూడేళ్ల తేదీలు చూస్తే అక్టోబరు రెండో వారం ఈ తీరానికి ఎలాంటిదో తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలుడుకు నదికి అవతలి ఊరు చాలు, తుపానుకు చాలదు. హుద్‌హుద్ అనుభవం ప్రకారం విశాఖ కూడా దానికి పూచీ కాదు.

ఈ కారణంగా క్లస్టర్‌ను తీరానికి దూరంగా పెట్టడమే మేలు. 2022 నవంబరులో మొదలైన అమెజాన్ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌లో మూడు విడివిడి జోన్లున్నాయి. జోన్‌కు ఒక నోడ్ చొప్పున మూడు పెడితే కరెంటు, చోటు విడిపోతాయి. మధ్య దూరం తక్కువ కాబట్టి ఓటింగ్ ఆలస్యం కాదు. చిన్న సంస్థ తనంతట తాను అంతటి ఏర్పాటు కట్టుకోవడం అసాధ్యం కాదు గానీ దండగ.

క్లస్టర్‌ను సాగదీయరాదు

సహజంగా వచ్చే ఆలోచన ఇంకొకటి: రాయగడలో ఒక నోడ్, పర్లాకిమిడిలో ఒకటి, విశాఖలో ఒకటి పెట్టి ఒకే క్లస్టర్‌గా కలిపితే? ప్రతి ఊళ్లోనూ బ్రోకర్ ఉన్నట్టూ ఉంటుంది, మూడు చోట్ల విడిపోయినట్టూ ఉంటుంది. కాగితం మీద ఇదే అందంగా కనిపిస్తుంది.

చిక్కు దూరంలో లేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 200 కిలోమీటర్లకు పోయిరావడం 2 మిల్లీసెకన్లు. కేబుల్ ఎక్కడెక్కడో చుట్టి వచ్చినా తట్టుకోవచ్చు. చిక్కంతా లైను తెగడంలో. రాయగడ లైను తెగిన మరుక్షణం అక్కడి నోడ్ మైనారిటీ అవుతుంది. పక్క గదిలోనే ఉన్నా కాటా నుంచి సందేశం తీసుకోదు; తీసుకుంటే మెజారిటీ నియమం తప్పినట్టే. బ్రోకర్ ఊళ్లోనే ఉండి కూడా పని ఆగడం అంటే ఇదే.

ఇందులో కొత్తదనం లేదు. లైను తెగినప్పుడు అందరికీ ఒకే మాట చెప్పడమో, అందరికీ జవాబివ్వడమో, రెండింట్లో ఒకటే కుదురుతుందని 2000లో ఎరిక్ బ్రూయర్ ప్రతిపాదిస్తే 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించారు. రాబిట్‌ఎమ్‌క్యూ పాత మెటాడేటా (క్యూల పేర్లు, సెట్టింగుల లాంటి వివరాలు) వ్యవస్థలో ఇదే ఎంపిక మూడు సెట్టింగులుగా కనిపించేది. 'ఇగ్నోర్' పెడితే రెండు ముక్కలూ ఎవరికి వారు పని చేసుకుపోతాయి. 'ఆటోహీల్' పెడితే కలిసినప్పుడు ఒక ముక్క గెలిచి, రెండోది తన మార్పులు వదులుకుని మళ్లీ మొదలవుతుంది. 'పాజ్ మైనారిటీ' పెడితే చిన్న ముక్క ఆగుతుంది. డబ్బు లెక్కలకు మూడోదే తగినది. కోరం క్యూలు మాత్రం ఈ సెట్టింగు ఏదైనా తమ మెజారిటీ నియమాన్నే పాటిస్తాయి. ఒకే క్లస్టర్‌ను ఊళ్ల మధ్య లైన్ల మీద సాగదీయవద్దని రాబిట్‌ఎమ్‌క్యూ సొంత సూచనలే చెబుతాయి. అలాంటి చోట్లకు షావెల్, ఫెడరేషన్ అనే ప్లగిన్లున్నాయి. షావెల్ ఒక బ్రోకర్ క్యూలోంచి సందేశాన్ని తీసి, అవతలి బ్రోకర్ అందుకున్నానన్నాకే ఇవతల చెరిపేస్తుంది.

కాటా గదికి అంత కూడా అక్కర్లేదు. చీటీ ఏ డేటాబేసులో నమోదవుతుందో అదే డేటాబేసులో 'పంపాల్సినవి' అని ఒక పట్టిక ఉంటే చాలు. చీటీ, పంపాల్సిన సందేశం ఒకే లావాదేవీలో రాస్తారు. ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. పక్కన నడిచే ఒక చిన్న ప్రోగ్రాం ఆ పట్టికను చూసి పంపుతుంది, 'అందింది' అని జవాబొస్తే గుర్తు పెడుతుంది. తుపాను వచ్చి మూడు రోజులు లైను లేకపోయినా మూడు కేంద్రాలకూ కలిపి పోగుపడేది 7 మెగాబైట్ల చిల్లర. దానికి ఏ క్లస్టరూ అక్కర్లేదు. కాటా కంప్యూటర్‌లో రెండో డిస్కు ఉంటే చాలు.

అదే చీటీ రెండుసార్లు వస్తే

ఈ ఏర్పాటుకు ఒక ఖరీదుంది. సందేశం చేరి, జవాబు దారిలో తెగిపోతే పంపిన ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియదు, మళ్లీ పంపుతుంది. విశాఖలో అదే చీటీ రెండుసార్లు అందుతుంది. జాగ్రత్త లేకపోతే అదే పత్తికి రెండుసార్లు డబ్బు పడుతుంది. ఒక్కసారే చేరుతుందని హామీ ఇచ్చే బ్రోకర్ కోసం వెతకడం కన్నా, అందుకునేచోట చీటీ నంబరును ప్రత్యేకమైన కీగా పెట్టి రెండోదాన్ని పక్కన పడేయడం సులువు, నమ్మదగినది. దానికి చీటీ నంబర్లు కేంద్రాల మధ్య కలవకూడదు. గుణుపురం 1, పర్లాకిమిడి 1 అని మొదలుపెడితే రెండో రైతు చీటీ 'పాతదే' అనిపించుకుని మాయమవుతుంది. కేంద్రం కోడు, సీజను ఏడాది నంబరులో భాగం కావాలి.

రాబిట్, కాఫ్కా, యాక్టివ్‌ఎమ్‌క్యూ

ఎంపిక గురించి ఎక్కువ చర్చ జరిగేది ఇక్కడే. నిజానికి ఇంత చిన్న భారానికి తేడా పడేది తక్కువే.

కాఫ్కా లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. అది క్యూ కన్నా చిట్టాకు దగ్గర. చదివినా సందేశం చెరిగిపోదు, గడువు వరకూ ఉంటుంది. పాత సీజను లెక్కలు మళ్లీ మొదట్నుంచీ నడపాలంటే ఇది గొప్ప సౌకర్యం. అందులో మూడు కాపీలు, కనీసం రెండు కాపీలు తాజాగా ఉండాలనే నియమం, పంపేవైపు అన్ని తాజా కాపీలూ రాసుకున్నాకే జవాబు కోరడం, ఈ మూడూ కలిసి ఉండాలి. కాపీలు మూడు పెట్టి, కనీస సంఖ్యను ఒకటి దగ్గరే వదిలేస్తే మిగిలిన ఒక్క బ్రోకర్ రాసుకున్నా 'అందింది' అనేస్తుంది. ఆ డిస్కు పోతే అంతే సంగతులు. జూకీపర్‌తో నడిచే పాత క్లస్టర్‌ను నేరుగా 4.0కు మార్చలేరు, దాన్ని అర్థం చేసుకునే చివరి వరస 3.9 మీద క్రాఫ్ట్‌కు మారి, అప్పుడు ముందుకెళ్లాలి.

ఇంకో బ్రోకర్ యాక్టివ్‌ఎమ్‌క్యూ క్లాసిక్ తీరు వేరు. రెండు బ్రోకర్లు ఒకే ఉమ్మడి డిస్కును చూస్తాయి. తాళం ఎవరికి దొరికితే వాళ్లే యజమాని, రెండోది కాచుకుని ఉంటుంది. సులువే. కానీ ఆ ఉమ్మడి డిస్కు పోతే రెండూ పోతాయి. అంటే ప్రమాదం తగ్గలేదు, చోటు మారింది.

కాటా చీటీల్లాంటి పనికి, ఒక్కో సందేశాన్నీ పనిగా తీసుకుని ముగించే తీరుకు, రాబిట్‌ఎమ్‌క్యూ కోరం క్యూ సరిపోతుంది. నడిపే మనిషి ఒక్కడే అయినప్పుడు అతనికి వచ్చినదే మంచి బ్రోకర్ అన్నది కూడా కొట్టిపారేయదగ్గ వాదన కాదు.

చిన్న అంకెలు

పెద్ద బొమ్మ సరిగ్గా గీసినా ఆగుడు చిన్న సెట్టింగుల్లోంచి వస్తుంది. రాబిట్‌ఎమ్‌క్యూలో డిస్కు ఖాళీ హెచ్చరిక తనంతట తాను 50 మెగాబైట్ల దగ్గర ఉంటుంది. అసలు నడిపేచోటికి అది మరీ తక్కువ. హెచ్చరిక మోగితే ఆ ఒక్క నోడే కాదు, క్లస్టర్ మొత్తం కొత్త సందేశాలు తీసుకోవడం ఆపుతుంది. ఒక సర్వరులో లాగ్ ఫైళ్లు నిండితే మూడూ మూగబోవడానికి కారణం ఇదే. నోడ్లు నడుస్తున్నాయా లేదా అని మాత్రమే చూసేవాళ్లకు మూడూ నడుస్తున్నట్టే కనిపిస్తాయి.

కాటావైపు ప్రోగ్రాంలో మూడు నోడ్ల చిరునామాలూ ఉండాలి. ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను నోడ్లకు పంచే ఏర్పాటు) పెడితే అదొక్కటే ఇరుసు అవుతుంది. దానికీ జోడీ కావాలి. లైను చప్పుడు లేకుండా చచ్చినప్పుడు లినక్స్ తన సొంత లెక్కల ప్రకారం దాదాపు పావుగంట వరకూ కనెక్షన్ బతికుందనే అనుకుంటుంది. హార్ట్‌బీట్ (అవతలివైపు బతికుందా అని చూసుకునే చిన్న సంకేతం) గడువు 60 సెకన్లో అంతకన్నా కాస్త తక్కువో పెట్టుకుంటే నిమిషాల్లో తేలిపోతుంది. మరీ 5 సెకన్లకు దించితే డాంగిల్ సిగ్నల్ ఊగినప్పుడల్లా కనెక్షన్ తెగి, అతికి, మళ్లీ తెగుతుంది. మొబైల్ నెట్ మీద ఆధారపడే కొండ ఊళ్లలో ఇది తెగడం కన్నా ఎక్కువ చికాకు.

ప్లగ్ పీకి చూడటం

పత్తి సీజనుకు ముందు, ఖాళీ రోజుల్లో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పాత చీటీలను వరసగా పంపే ఏర్పాటు చేసి, అది నడుస్తుండగా లీడరు నోడ్‌ను సర్దుగా ఆపడం కాదు, కరెంటు ప్లగ్ పీకాలి. క్లౌడ్‌లో అయితే బలవంతంగా ఆపాలి. ఎన్ని సెకన్లకు కొత్త లీడరు వచ్చిందో రాసుకోవాలి. తర్వాత రెండో నోడ్ కూడా తీసి, బ్రోకర్ నిజంగా సందేశాలు నిరాకరిస్తోందా, కాటా మాత్రం చీటీ కొడుతూనే ఉందా చూడాలి. ఆ పైన కాటా గది ఫైబర్ తీగ తీసి ఒక రాత్రంతా వదిలేయాలి.

మర్నాడు తీగ పెట్టాక మూడు అంకెలు పక్కపక్కన రాస్తే సరిపోతుంది: కాటా కొట్టిన చీటీలు, విశాఖలో నమోదైన చీటీలు, రెండోసారి వచ్చాయని పక్కన పడేసినవి. మొదటి రెండూ ఒకటి కాకపోతే కొనుగోళ్లు మొదలవకముందే తెలిసింది. మూడో అంకె సున్నా అయితే సంతోషించే ముందు ఒకే చీటీని కావాలని రెండుసార్లు పంపి చూడాలి. జల్లెడ పనిచేయక కూడా అక్కడ సున్నా రావచ్చు.